ఆకరం లేని వాక్యం

ఏప్రిల్ 2

డైరీ రాయడం ఇరవై ఏళ్ల క్రితమే మానేశాను. మళ్లీ ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. చెయ్యి ఊరికే ఉండటం లేదు, అంతే.

రాజుగారి లేఖలు మొత్తం ముప్పై ఒకటి. అన్నీ వచనమే, అన్నీ తమ్ముడికి రాసినవే. ఇరవై ఐదింటికి ఆకరాలు పూర్తయ్యాయి. అంటే ఏ వాక్యాన్ని ఏ పాత గ్రంథంలోంచి ఎత్తుకొచ్చాడో పట్టుకుని పేజీ కింద చిన్న అక్షరాల్లో రాయడం. పదమూడేళ్లుగా నా ఉద్యోగం ఇదే. మా ఆవిడ ఎవరికైనా చెప్పాల్సి వస్తే "మా ఆయన రాజుల దొంగతనాలు పట్టుకుంటారు" అంటుంది. వినేవాళ్లు పోలీసు శాఖ అనుకుని కాస్త గౌరవం ఇస్తారు.

అరువు వాక్యానికి ఎర్ర పెన్సిలు. సొంత వాక్యానికి నీలం. ఎర్రవి నెలకు రెండు అరిగిపోతున్నాయి. నీలం పెన్సిలు పోయినేడాది కొన్నదే ఇంకా ఉంది.

ఏప్రిల్ 4

ఈ రాజుగారితో పదమూడేళ్లు కాపురం చేశాను కాబట్టి ఆయన అలవాట్లు నాకు తెలుసు. భయం వేస్తే వైద్య గ్రంథం ముందేసుకుంటాడు. కోపం వస్తే నీతి శాస్త్రం. అబద్ధం ఆడాల్సి వస్తే ఒక్కరు చాలరు, ఇద్దరు ముగ్గురు ప్రాచీనుల్ని వెంటేసుకుని వస్తాడు. అలాంటి చోట వచనం మహా అందంగా ఉంటుంది. చదువుతుంటే మనమే తల ఊపేస్తాం. సొంతంగా రాసినప్పుడు మాత్రం పాపం మాట తడబడుతుంది. తొమ్మిదో లేఖ చివర నీలం గీత కింద ఉన్నది ఇంతే: "నిన్న వాన పడింది. నాకు మోకాలు నొప్పి. నువ్వుంటే బాగుండేది."

డైరెక్టరుగారు ఇవాళ మళ్లీ అడిగారు, పదిహేడో లేఖ సంగతేమిటని. రేపు చూస్తానన్నాను. నిన్న కూడా రేపే అన్నాను.

ఏప్రిల్ 5

రేపు.

ఏప్రిల్ 7

సరే, ఇక్కడ కూడా దాచుకుంటే ఇంకెక్కడ రాసుకుంటాను.

పదిహేడోది క్షమాపణ లేఖ. ఏరు దాటే చోట జరిగిన యుద్ధంలో వెనక్కి తిరగమని ఆజ్ఞ ఇచ్చింది రాజు. ఓడిపోయాక, తిరిగింది తమ్ముడని లోకమంతా అనుకుంది. రాజు అనుకోనిచ్చాడు. తమ్ముడు తొమ్మిదేళ్లు సరిహద్దు కోటలో పడి ఉన్నాడు. అప్పుడు రాసిన లేఖ ఇది:

"తమ్ముడా, నువ్వు మోసిన బరువు నాది. నువ్వు నడిచిన దారిలో రాళ్లు నేను పరిచినవి. నీ ముందు తల వంచుదామంటే తల మీది బంగారం వంగనివ్వలేదు. నీ మౌనం నన్ను రోజూ విచారిస్తోంది, రోజూ శిక్షిస్తోంది, రోజూ వదిలిపెడుతోంది."

ఈ లేఖ మొత్తం రాజుగారి సొంతమని ఇన్నాళ్లుగా అందరూ ఒప్పుకున్నారు. డైరెక్టరుగారైతే ఉపన్యాసాల్లో ఇది చదివి కళ్లద్దాలు తుడుచుకుంటారు.

దీని జోలికి వెళ్లలేకపోవడానికి కారణం ఆ లేఖ గొప్పతనం కాదు. పదేళ్ల క్రితం నేను దీన్ని అక్కకు రాసి పంపాను. నా లేఖలాగా. "తమ్ముడా" తీసి "అక్కా" అని పెట్టాను. "తల మీది బంగారం" తీసి "కుర్చీ" అని పెట్టాను. మిగతాది మక్కీకి మక్కీ.

అప్పట్లో అక్క మా ఆఫీసులోనే రికార్డు గది చూసేది. నేను చేరింది కూడా అక్క చెబితేనే. పదిహేడో లేఖ వెనకే మూడు పత్రాలు కుట్టి ఉండేవి. తమ్ముడి జవాబు. ఇంకెక్కడా నకలు లేదు. ఇంటి దగ్గర తీరిగ్గా చదువుకుందామని పుస్తకంలో సంతకం చేయకుండా ఫైల్లో పెట్టుకుని బయల్దేరాను. బస్సులో నిలబడ్డాను, ఫైలు పైన అరలో పెట్టాను. సీటు దొరికింది, కూర్చున్నాను. దిగిపోయాను.

పత్రాలు కనబడటం లేదని మర్నాడు గోల. మూడు రోజులు వెతికారు. తాళాలు అక్క దగ్గర ఉండేవి కాబట్టి అక్కను సస్పెండ్ చేశారు. విచారణ పూర్తి కాకుండానే అక్క రాజీనామా ఇచ్చేసింది. ఇప్పుడు ఇంటి దగ్గర ప్రూఫులు దిద్దుకుంటోంది.

ఆరు నెలల తర్వాత ఆ లేఖ రాశాను. చివర నా తరఫున ఒక్క మాట కలిపాను, పత్రాలు నా దగ్గరే పోయాయని. జవాబు రాలేదు. వారం తర్వాత ఫోన్ చేసి మా ఆవిడ జ్వరం ఎలా ఉందని అడిగింది. అప్పటినుంచి మామూలే. వస్తుంది, వెళ్తాం, నీళ్ల మోటారు గురించి మాట్లాడుకుంటాం.

రాజుగారి పద్దెనిమిదో లేఖ గుర్రాల మేత గురించి. అంటే వాళ్లూ రాజీ పడినట్టే కదా.

ఏప్రిల్ 8

అక్క ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. అది కదా క్షమించడం అంటే.

ఏప్రిల్ 11

దొరికింది.

నేను వెతకనే లేదు. ఇరవై ఏడో లేఖలో ఏనుగుల గురించి ఒక వాక్యం కోసం ప్రాచీన చరిత్ర మూడో సంపుటం తిరగేస్తున్నాను. ఎవరూ చదవని అనుబంధంలో ఒక సేనాపతి తన కింది అధికారికి రాసిన ఉత్తరం ఉంది. "నువ్వు మోసిన బరువు నాది." రాళ్లు ఉన్నాయి. విచారణ ఉంది, శిక్ష ఉంది. సేనాపతికి కిరీటం ఉండదు కాబట్టి అక్కడ "తల మీది ఇనుము". రాజు ఇనుము తీసి బంగారం పెట్టాడు. నేను బంగారం తీసి కుర్చీ పెట్టాను.

ముందు నవ్వొచ్చింది. పక్క బల్ల వాళ్లు తలెత్తి చూసేంత నవ్వు. తర్వాత ఒళ్లు తేలికైంది. నేనొక్కణ్నే కాదన్నమాట. అంతటివాడే క్షమాపణ అరువు తెచ్చుకుంటే నాలాంటివాడు తెచ్చుకుంటే తప్పేముంది. మనసులో ఉన్నదే ఇంకొకరు బాగా చెప్పి ఉంటే వాడుకోవడంలో దోషం లేదు. పెద్దలందరూ అలాగే రాశారు.

పేజీ అంతటా ఎర్ర పెన్సిలుతో గీశాను. ఒక్క నీలం గీత కూడా పడలేదు.

సాయంత్రం ఇంటికి నడిచే వెళ్లాను. మా ఆవిడ "ఏంటి, ప్రమోషనా" అంది.

ఏప్రిల్ 12

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాపం దానికి పాలన్నా దక్కుతాయి.

డైరెక్టరుగారు పిలిచారు. ఆకరం దొరికినందుకు ఆయన బాధపడ్డారు, తర్వాత సర్దుకున్నారు. పుస్తకం జూన్‌లోగా రావాలట, ఆయన రిటైరయ్యేలోగా. ముందుమాట, మొదటి ఇరవై లేఖలు కంపోజ్ అయిపోయాయి. ప్రూఫులు బయటివాళ్లకు ఇస్తున్నారట.

"ఎవరికండీ?" అన్నాను.

"మీ అక్కగారికే. ఆవిడంత నికరంగా చూసేవాళ్లు లేరని ప్రెస్సు వాళ్లే అన్నారు. పాతవన్నీ మనసులో పెట్టుకోకూడదయ్యా. మనం పెట్టుకోలేదు, ఆవిడా పెట్టుకోదు."

సరేనండీ అన్నాను.

పదిహేడో లేఖ ఒకటే అయితే ఏదోలా ఉండేది. ముందుమాటలో, పదకొండో పేజీలో, తమ్ముడి జవాబు గురించి ఒక వాక్యం ఉంది: "అప్పటి రికార్డు విభాగం నిర్లక్ష్యం వల్ల ఈ మూడు పత్రాలు నేడు లభ్యం కావడం లేదు." ముందుమాట కింద పేరు డైరెక్టరుగారిది. పోయిన అక్టోబరులో దాన్ని చిత్తు రాసిచ్చింది నేను. అక్షరం మార్చకుండా వేశారు.

ఎందుకు రాశానంటే, ఏదో ఒకటి రాయాలి కదా.

ఏప్రిల్ 14

ప్రెస్సుకు వెళ్లాను. కంపోజింగ్ చేసే ఆవిడ బల్ల దగ్గర నిలబడి, పదిహేడో లేఖకు కొత్త ఆకర సూచిక చేర్పించి, ప్రూఫులు ఈసారి నేనే చూస్తానన్నాను.

"మీరు రాసినవి మీరే చూస్తే ఎలా సార్. మన తప్పు మన కంటికి ఆనదు."

పోనీ ముందుమాట ఆపి లేఖలు మాత్రం పంపమన్నాను. ఎందుకని అడిగింది. అందులో ఒక మాట మార్చాలన్నాను. "చెప్పండి, ఇప్పుడే మార్చేస్తా" అని పదకొండో పేజీ తెర మీద తెరిచి, చేతులు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చుంది.

"అప్పటి రికార్డు విభాగం నిర్లక్ష్యం వల్ల" అన్నది తీసేస్తే చాలు. ఐదు మాటలు. నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, తీసేస్తే డైరెక్టరుగారు ఎందుకు తీశావని అడుగుతారు. ఏం చెప్పను.

"తర్వాత చెబుతాను" అన్నాను.

"ఆటోలో పంపేస్తున్నా సార్ మరి" అంది.

ఏప్రిల్ 17

అక్క నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఏప్రిల్ 19

అక్క దిద్దే పద్ధతి నాకు తెలుసు. వాక్యం కింద స్టీలు స్కేలు పెట్టుకుని, ఒక్కో పంక్తీ కిందికి జరుపుకుంటూ పోతుంది. రోజుకు ఇరవై పేజీలు. పదకొండో పేజీ మొదటి రోజే దాటి ఉంటుంది. పదిహేడో లేఖ నూట నలభయ్యో పేజీ, అంటే ఏడో రోజు.

మా ఆవిడ అంది: "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి? కూర్చోండి ఒక చోట." కూర్చున్నాను. మళ్లీ లేచాను. చెప్పుల స్టాండు సర్దాను. అది సర్దే ఉంది.

"అక్కకు ఫోన్ చేశారా ఈ మధ్య?"

"పనిలో ఉంటుంది" అన్నాను.

ఏప్రిల్ 22

ఇరవై ఎనిమిదో లేఖలో రాజు తమ్ముడికి కంబళ్లు పంపుతున్నాడు. ఎన్ని పంపాడో, ఏ రంగువో రాశాడు. ఒక్క అరువు మాట లేదు. నీలం గీస్తుంటే చిరాకేసింది. కంబళ్లకు నీకు మాటలొస్తాయేం?

ఏప్రిల్ 26

ప్రూఫులు వచ్చాయి. కవరు చింపాను.

ముందు పదిహేడో లేఖ తీశాను. రెండు పేజీల్లోనూ పెన్సిలు గుర్తు ఒక్కటీ లేదు. కింద నా ఆకర సూచిక, సేనాపతి, అనుబంధం, పుట సంఖ్య, అంతా శుభ్రం. ఒక కామా కూడా మార్చలేదు.

హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నానని కూడా రాసి పెడుతున్నాను.

తర్వాత పదకొండో పేజీ. "అప్పటి రికార్డు విభాగం నిర్లక్ష్యం వల్ల" కింద సన్నగా స్కేలు పెట్టి గీసిన గీత. మార్జినులో అక్క గుండ్రటి చేతిరాత, ఒకే ఒక్క మాట.

"ఆకరం?"

ఏప్రిల్ 28

వెళ్లాను.

అక్క గది రెండో అంతస్తులో, కిటికీ పక్కన బల్ల. బల్ల మీద ఎవరిదో లెక్కల పుస్తకం ప్రూఫులు, స్కేలు, నీళ్ల సీసా. నన్ను చూసి కళ్లద్దాలు నుదుటి మీదకు తోసింది.

"కూర్చో. టీ తాగుతావా?"

"చూశావు కదా" అన్నాను.

"చూడ్డమే కదరా నా పని."

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రాజుగారితో మొదలుపెట్టాను. ఆ లేఖ ఆయన సొంతం కాదని, సేనాపతి దగ్గర ఎత్తాడని, నేను కూడా ఆ రోజు మాటలు రాక... అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ కట్ట తొమ్మిదేళ్లు నా చేతుల్లో ఉంది. ఏటా పురుగు పట్టకుండా ఒక్కో కాగితం విప్పి ఆరబెట్టింది నేను. పదిహేడో లేఖ నాకు నోటికొచ్చు. నీ కవరు విప్పి మొదటి పంక్తి చదవగానే తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే పద్దెనిమిదోది కూడా రాసి పంపుతావని భయమేసింది. నాకు గుర్రాలు కూడా లేవు."

నవ్వింది. నేనూ నవ్వబోయాను, తను ఆపేసింది.

"అయినా క్షమించావు కదక్కా."

"ఎవరు చెప్పారు?"

"ఫోన్ చేశావు కదా. వస్తున్నావు, పోతున్నావు."

"మరదలికి నూట మూడు జ్వరమంటే చేశాను. దానికీ దీనికీ సంబంధమేంటి? నువ్వు నా తమ్ముడివి, రాకుండా ఎక్కడికి పోతాను. క్షమించానని నేనెప్పుడన్నాను?"

అక్క లేచి వెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది.

"మొన్న మార్కెట్లో మన పాత గుమాస్తా కనిపించాడు. 'ఆ కాగితాలు తర్వాత దొరికాయా అమ్మా' అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. పదకొండేళ్లయింది, ఇంకా నన్నే అడుగుతారు. దొరకలేదండీ అన్నాను. పోనీ నువ్వు నాకు రాశావు. నాకెందుకు రాశావు?"

"నీకు కాక ఎవరికి రాయాలి?"

అక్క గ్లాసు కింద పెట్టింది. తర్వాత అడిగింది, రాజు తమ్ముడి జవాబులో ఏముందో తెలుసా అని. ఎలా తెలుస్తుంది? బస్సులో విప్పి చూసే తీరిక కూడా లేకపోయింది నాకు. చదివినవాళ్లెవరూ లేరని పుస్తకంలో రాసుకున్నాం. అక్క చదివి ఉంటుందని పదకొండేళ్లలో మా ఆఫీసులో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

"రెండున్నర పత్రాలు కోట మరమ్మతు గురించే. సున్నం చాలలేదట, వానకు ఉత్తరం గోడ కూలిందట. నీ లేఖ అందింది, బాగుంది అని కూడా లేదు. చివర రెండు వాక్యాలు."

"ఏంటవి?"

"'నా తప్పు లేదని నాకు తెలుసు. తెలియనివాళ్లకు రాయి.'"

టీ చల్లారిపోయింది. మెట్లు దిగుతుంటే పైనుంచి "గేటు వెయ్యి" అంది.

ఏప్రిల్ 29

వృత్తి దోషం. పొద్దున్నుంచి ఒకటే ఆలోచన. ఆ రెండు వాక్యాలు తమ్ముడివేనా, అక్క కల్పించిందా? శైలి చూస్తే ఆ కాలానిదే కావచ్చు, ఏ కాలానిదైనా కావచ్చు. పత్రాలు చూస్తే తేలిపోతుంది.

పత్రాలు చూస్తే తేలిపోతుందట. ఎంత సిగ్గులేని బుర్ర ఇది.

ఇంకోటి. తమ్ముడు అలా అడిగితే, దానికి రాజు ఇచ్చిన జవాబు గుర్రాల మేత. నేను దాన్ని రాజీ అనుకున్నాను. పదమూడేళ్లు చదివి.

మే 2

డైరెక్టరుగారికి చెప్పాను. తలుపు వేసి, నిలబడే చెప్పాను. బస్సు, ఫైలు, అన్నీ. పదకొండో పేజీలో ఆ వాక్యం తీసేసి ఇది పెట్టమని కాగితం ఇచ్చాను: "ఈ మూడు పత్రాలను అనుమతి లేకుండా బయటికి తీసుకెళ్లి పోగొట్టింది ఈ సంపుటి ఆకర సూచికల రచయిత. అప్పటి రికార్డు అధికారి తప్పేమీ లేదు."

ఆయన రెండుసార్లు చదివారు.

"ఎందుకయ్యా ఇప్పుడు? ఆవిడ అడిగిందా?"

"లేదండీ."

"మరింకేం. ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసుంది మీకు. ఇది వేస్తే మీ ఉద్యోగం ఊడుతుంది, ఆ రోజు విచారణ చేసిన నాకూ తలవంపులు. 'లభ్యం కావడం లేదు' అని మాత్రం ఉంచుదాం. నిర్లక్ష్యం మాట తీసేస్తాను. అందరికీ మర్యాద."

ఎంత చక్కటి వాక్యమో. ఎవరూ పోగొట్టలేదు, వాటంతటవే లభ్యం కావడం మానేశాయి. ఏప్రిల్ పద్నాలుగున నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. అప్పుడే దొరికి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ని.

కాగితం ఆయన సొరుగులో పెట్టుకున్నారు.

మే 3

మా ఆవిడకు చెప్పాను. పప్పు గిన్నె దించి స్టవ్ ఆపింది. తర్వాత, "పదకొండేళ్లుగా ఆవిడ వచ్చినప్పుడల్లా నాతో ఎంత బాగా ఉందండీ" అంది. ఏడ్చింది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మే 4

భయంగా ఉంది. ఇక్కడ వైద్య గ్రంథంలోంచి ఒక వాక్యం రాశాను. కొట్టేశాను.

మే 5

సోమవారం మీటింగు. పదకొండు మందిమి. జూన్ సభకు కుర్చీలు, ఆహ్వానాలు, ఎవరి వంతు ఏ పని. చివర డైరెక్టరుగారు ఇంకేమైనా ఉందా అన్నారు. అలవాటుగా అన్నారు, అప్పటికే పెన్ను జేబులో పెట్టుకుంటున్నారు.

లేచాను. పదిహేడో లేఖ వెనక పత్రాలు పోగొట్టింది నేను అన్నాను. సంతకం పెట్టకుండా తీసుకెళ్లాను, బస్సులో వదిలేశాను, మా అక్క సస్పెండ్ అవుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఈ పుస్తకం ముందుమాటలో తప్పు తన మీద పడేలా రాసింది కూడా నేనే.

డైరెక్టరుగారు బల్ల మీది కాగితాలు చూస్తున్నారు. మినిట్స్ రాసే గుమాస్తా పెన్ను పైకెత్తి, నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు.

"రాయమంటారా సార్?"

"రాయండి" అన్నాను.

రాశాడు. నాలుగు పంక్తులు. పెన్ను చప్పుడు వినిపించింది. నాకు ఒళ్లు తేలికైంది, ఏప్రిల్ పదకొండున అయినట్టే. ఆఖరికి ఒక మంచి పని చేశాననిపించింది. కూర్చోబోయాను.

తలుపు దగ్గర అటెండరు ఉన్నాడు. ముసలాయన, అక్క కంటే ముందు చేరినవాడు, వచ్చే ఏడు రిటైరవుతాడు. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కోపంగా అనలేదు. అర్థం కాక అడిగినట్టే అడిగాడు.

"అమ్మగారు ఆ మూడు రోజులూ అరలన్నీ దింపించి వెతికారు గదా సార్. దుమ్ముకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. నిచ్చెన నేను పట్టుకున్నాను. నిచ్చెనెక్కి పై అరలు వెతికింది మీరు గదా?"

అవును. నేనే. మూడు రోజులు ఒక్కో కట్టా విప్పాను, దులిపాను, మళ్లీ కట్టాను. ప్రతి కట్టకీ కిందినుంచి అక్క "ఉందా?" అని అడిగింది. ప్రతిసారీ "లేదక్కా" అన్నాను.

అక్కకు రాసిన లేఖలో అది లేదు. ఈ డైరీలోనూ లేదు.

గుమాస్తా అప్పటికి పుస్తకం మూసేశాడు. తెరవమన్నాను. అది కూడా రాయమన్నాను.